ఉప్పు లేని తునకలు

బడిలో పిల్లలతో, ఇంట్లో మొగుడితో, బస్సులో కండక్టరుతో వాదించి నెగ్గిన మనిషిని నేను. హెడ్మాస్టరు నన్ను చూస్తే ముందే సంతకం పెట్టేస్తాడని స్టాఫు రూములో చెప్పుకుంటారు. అలాంటిదాన్ని, పోయినేడు మాఘమాసంలో రెండు కిలోల మాంసంతో వాదించి ఓడిపోయాను.

మా అత్తగారి ఊరు చండ్రుగొండ దగ్గర. నేను మధిర వైపు నుంచి వచ్చినదాన్ని. మా పుట్టింట్లో రెండు పూటలా అన్నమే, రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళు తినేది. పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మ పెనం మీద నుంచి తీసి నా చేతిలో పెట్టిన జొన్నరొట్టెను చూసి ఇది తిండా, పేడపిడకా అనుకున్నాను. అనుకోవడమేమిటి, పైకే అన్నాను. ఆమె పొయ్యిలోంచి నిప్పులు ముందుకు లాగి, వాటి మీద రెండు నల్లటి తోలు ముక్కల్లాంటివి వేసి కాల్చింది. రోట్లో వేసి నాలుగు పోట్లు పొడిచింది. ఉల్లిగడ్డ, ఎర్రకారం కలిపి, నా చేతిలోంచి రొట్టె తీసుకుని ఇంకా తడిగా ఉన్నవైపు పరిచి, అరచేత్తో ఒత్తి, మళ్ళీ పెనం మీద వేసింది. ఆ వాసనకు నా నోరు మూతపడింది. ఆ ఇంట్లో నా నోరు మూయించిన మొదటి వస్తువు అదే.

వాటిని ఎండు తునకలంటారు. ఊళ్ళో యాటను, మేకనో గొర్రెనో, కోసి పోగులేసుకున్నప్పుడు, వండుకోగా మిగిలిన మాంసాన్ని అత్తమ్మ ముక్కలు చేయదు. మడతలు విప్పుతున్నట్టు కోసుకుంటూ పోయి, మూరెడు పొడవు పట్టీలుగా తీస్తుంది. వాటికి దొడ్డు ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తుంది. ఉప్పు పట్టించేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని ఆమె నియమం. మాట్లాడితే ఎంగిలి తుంపర పడి పురుగొస్తుందట. "నీ నోరు మూసుకుంటె తునకలు ఎండుతయ్ బిడ్డా" అని నన్ను దూరంగా కూచోబెట్టేది. నేను దూరం నుంచే మాట్లాడేదాన్ని.

మా ఆయన ఇల్లందులో బొగ్గుబాయి పనికి పోయినన్నాళ్ళూ ఆయన టిఫిను డబ్బాలో ఇదే. అన్నం, కూర భూమి లోపలి ఉక్కకు మధ్యాహ్నానికల్లా పులిసిపోయేవి. తునకలు పరిచిన రొట్టెను మడిచి గుడ్డలో చుట్టి ఇస్తే షిఫ్టు అయిపోయేదాకా చెక్కుచెదరదు. ఆయన పని లోపల పంపు నడపడం. బొగ్గు తవ్వేచోట ఊరిన నీళ్ళను పైకి తోడిపోయాలి. కాళ్ళు నీళ్ళలో, చేతిలో రొట్టె, అలా నిలబడే తినేవాడినని చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలో గర్వం ఉండేది. రొట్టె గురించో పంపు గురించో నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత కిడ్నీలు పోయాయి. అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపారు. మేము కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి అత్తమ్మ దగ్గరికి వచ్చేశాం. నేను మండలంలోని హైస్కూలుకు బదిలీ చేయించుకున్నాను. వారానికి మూడుసార్లు కొత్తగూడెం పోయి నాలుగేసి గంటలు డయాలిసిస్ మిషను మీద పడుకోవడం ఆయన పని. మిషను ఎక్కే ముందు, దిగిన తర్వాత బరువు చూస్తారు. నీళ్ళన్నీ తీసేశాక మనిషి ఎంత ఉండాలో దానికో లెక్క ఉంది, డ్రై వెయిట్ అంటారు. ఆ మాటకు అర్థం చెప్పినప్పుడు ఆయన పకపకా నవ్వాడు.

"అంటె నన్ను గూడ ఎండబెడుతున్నరన్నమాట. ముప్పై ఏండ్లు బాయిలకెల్లి నీళ్ళు తోడిన. ఇప్పుడు నాలకెల్లి తోడనీకి మిషను గావాలె."

నీళ్ళు రోజుకు ఇన్నే అని కొలిచి ఇచ్చారు. ఒక సీసా మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీశాను. పొద్దున ఆ గీతదాకా పోస్తాను, పడుకునేదాకా అంతే. ఇక ఉప్పు లేదు. పచ్చళ్ళు లేవు, అప్పడాలు లేవు, తునకల పేరే ఎత్తకూడదు. ఉప్పు తింటే దూప అవుతుంది, దూపైతే నీళ్ళు తాగుతాడు, ఆ నీళ్ళు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి.

ఇదంతా ఆయనకు తెలుసు. తెలిసీ ఒక ఆదివారం, నేను బట్టలు ఉతుక్కుంటుంటే, అత్తమ్మ తునకల కుండలో చేయి పెట్టి నాలుగు పట్టీలు కాల్చుకు తిన్నాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. సాయంత్రానికి కాళ్ళు పొంగాయి, పడుకుంటే ఊపిరాడక కూచున్నాడు. ఆటోలో కొత్తగూడెం పోతున్నంతసేపూ ఆయన నా భుజం పట్టుకుని గాలి కోసం నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ ఆటోలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. వాపసు వచ్చాక రెండు రోజులు ఆపకుండా మాట్లాడాను. అత్తమ్మను కూడా వదల్లేదు.

"కుండ ఎందుకు కిందుంచినవ్ అత్తమ్మా? నీ కొడుకు పాణం కంటే తునకలెక్కువా?"

"నా ఇంట్ల నా కుండ నేనేడ పెట్టుకోవాల్నో నువ్వు జెప్తవా?" అంది. అన్నాక, తనే నిచ్చెన వేయించి ఆ కుండను అటక మీద పెట్టించింది.

ఆ తర్వాత ఆయన తిండి తగ్గించాడు. తగ్గించాడంటే అలిగి కాదు, నోటికి ఏదీ సయించేది కాదు. ఉప్పులేని పప్పు, ఉప్పులేని కోడికూర. నాలుగు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపేవాడు. నేను బతిమాలను, నాకు బతిమాలడం రాదు. తిట్టేదాన్ని. తిట్టినా తినలేదు. దవాఖానాలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "ఇట్లయితే కష్టమమ్మా. మాంసం, గుడ్లు బాగా తినాలె. కండ మొత్తం కరుగుతోంది" అంది.

"ఉప్పు లేకుండా ఎట్లా తింటాడు మేడమ్?"

"అదే అమ్మా, ఉప్పు లేకుండా తినాలె" అంది.

అప్పుడే మా ఆడబిడ్డ కూతురు వచ్చింది, ఖమ్మంలో నర్సింగు చదువుతున్న పిల్ల. మేనమామను నవ్వించాలని పక్కన కూచుని ఫోనులో వంటల వీడియోలు చూపిస్తోంది. నేను పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"మామా, గిది చూడు. మాసిడోనియా అంట. మన రొట్టె మీద తునకలే!"

నేనూ కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. మాసిడోనియా అంటే నేను ఏటా పిల్లలకు చెప్పే అలెగ్జాండర్ పుట్టిన చోటు, అంతే. అక్కడ రొట్టెలు కాలుస్తారన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. వీడియోలో ఒక పెద్దావిడ పిండిని పడవ ఆకారంలో సాగదీసి, ఉప్పు పెట్టి ఎండబెట్టిన మాంసం ముక్కలు దాని నిండా పరిచి, బట్టీలో పెట్టి కాల్చింది. బయటికి తీశాక పైన గుడ్డు కొట్టిపోసింది. పేరు పాస్తర్మైలియా అని ఆ పిల్ల కూడబలుక్కుని చదివింది. కొవ్వు కరిగి అంచుల్లో చిటపటలాడుతున్న చప్పుడు ఫోనులోంచి వినపడుతోంది. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"గాళ్ళకు గూడ బాయిలున్నయా?" అన్నాడు.

"ఉన్నాయో లేవో నాకేం తెలుసు. అలెగ్జాండర్ ఉన్నాడు" అన్నాను.

"అలెగ్జాండర్ గిది తినే వచ్చినట్టుండు మన దేశం మీదికి. పప్పన్నం తింటె రాకపోవు." మళ్ళీ వెనక్కి తిప్పి మొదటి నుంచి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. "వాసన రాదాయె" అన్నాడు ఆఖరికి. పిల్ల నవ్వబోయి మామ మొహం చూసి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున అత్తమ్మ ముందు నా ఆలోచన బయటపెట్టాను. తునకలు ఉప్పు లేకుండా ఎండబెడతాను.

ఆమె వక్క నములుతున్నదల్లా ఆపింది. "ఉప్పు లేకుంట తునక ఎండదే."

"ఎందుకెండదు? ఎండబెట్టేది ఎండ. ఉప్పు రుచికి."

"ఉప్పు రుచిక్కాదు పిల్లా. ఉప్పు కాపల."

"పసుపు లేదా? కారం లేదా? సన్నగా కోస్తే ఒక్క రోజులో ఎండుతుంది. మిరపకాయలు ఎండటంలేదా, ఉప్పు పెడుతున్నామా వాటికి?"

"మిరపకాయకు నెత్తురుంటదా?"

అక్కడ నేను ఆగవలసింది. కానీ లోపలి నుంచి ఆయన కేక వేశాడు. "నీళ్ళు దీసి నన్ను ఉప్పు లేకుంటనే ఎండబెడుతున్నరు గదనే అమ్మా. తునక ఎందుకెండదు? కానియ్ టీచరమ్మా!" ఎన్నో నెలల తర్వాత ఆయన గొంతులో ఉషారు విన్నాను. ఇక నన్ను ఆపడం ఎవరితరం.

ఆదివారం ఊళ్ళో యాట కోస్తే తొడ మాంసం తీసుకున్నాను. అత్తమ్మ చేయి పెట్టనంది. మంచం వాకిట్లో వేసుకుని కూచుంది, నేను తప్పెలా చేస్తానో చూడటానికి. నేనే కోశాను. ఆమె పట్టీలంత పొడవు రాలేదు, మధ్యలో తెగిపోయాయి. కానీ పలచగా, వెలుగు కనపడేంత పలచగా కోశాను. పసుపు రెండు రెట్లు, కారం, నిమ్మరసం పట్టించాను. ఆ రోజు నేను ఒక్క మాట మాట్లాడలేదు. నియమం పాటించాను. ఉప్పు లేకపోయినా నియమం ఉండనీ అనుకున్నాను. నా మౌనం చూసి అత్తమ్మ మంచం మీద నుంచి, "గిప్పుడు మూస్తె ఏం లాభం" అని గొణిగింది.

దండెం మీద ఆరేశాక కాపలా ఎవరన్నది వచ్చింది. కాకులు, పక్కింటి పిల్లి, గద్దలు. ఆయన కుర్చీ వేయించుకుని కర్ర పట్టుకుని దండెం కింద కూచున్నాడు. తలకు తువాలు చుట్టుకున్నాడు. దారిన పోయేవాళ్ళను ఊరికే పోనివ్వలేదు.

"ఏందన్నా, తునకలా? నీకు వద్దన్నరు గద?"

"గవి ఉప్పు తునకలు. గివి సైన్సు తునకలు. మా టీచరమ్మ కనిపెట్టింది."

"ఆమె చెప్పేది సోషలు గదనే!"

"గందుకే అలెగ్జాండర్ తునకలంటున్న."

మధ్యాహ్నం కుర్చీలోనే రెండు గుడ్లు తిన్నాడు. ఒక రొట్టె తిన్నాడు. సాయంత్రానికి తునకలు ముదురు ఎరుపు తిరిగి, అంచులు ముడుచుకుని, తాకితే గరగరలాడాయి. నేను ఒకటి తెంపి అత్తమ్మ ఒళ్ళో వేశాను. ఆమె వంచి చూసింది. ఎండిన పై పొర చిట్లి, లోపల మెత్తగా, తడిగా ఉంది. నాకు చూపించింది. "రేపు ఇంకో ఎండ తగిలితే సరిపోద్ది" అన్నాను.

రేపు ఎండ రాలేదు. తెల్లారేసరికి మొగులు కమ్మింది. మాఘంలో మొగులేమిటి? అడవి వైపు నుంచి చల్లగాలి, మధ్యలో నాలుగు చినుకులు. బడికి సెలవు పెట్టాను. పెళ్ళిళ్ళకు, చావులకు, దవాఖానాకు తప్ప సెలవు పెట్టని మనిషిని, తునకల కోసం పెట్టాను. అన్నీ ఇంట్లోకి తెచ్చి ఫ్యాను కింద తాడు కట్టి వేశాను. కరెంటు పోయింది. పొయ్యి మీదికి మార్చాను, పొగకైనా ఎండుతాయని. పొగకు నా కళ్ళలో నీళ్ళు కారాయి కానీ తునకల్లో నీళ్ళు పోలేదు. ఆయన వాకిట్లోకి పోయి మొగులును చూసి రావడం, నన్ను చూడటం, మళ్ళీ వాకిట్లోకి పోవడం. పంపు పాడైనప్పుడు కూడా ఇట్లాగే తిరిగేవాడేమో.

మూడో రోజు పొద్దున వాసన వచ్చింది.

"పసుపు వాసన" అన్నాను. పసుపెక్కువ వేశాను కదా, చెమ్మకు అట్లాగే ఉంటుంది, పొగ కూడా పట్టింది కదా అని ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ పోయాను. అత్తమ్మ లేచి వచ్చింది. ఒక పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత దాన్ని తిప్పి, మడతలో తెల్లగా సన్నగా అంటుకుని ఉన్నదాన్ని గోటితో చూపించింది. ఈగ పెట్టిపోయిన గుడ్లు. ఆమె నన్ను ఒక మాట అని ఉంటే బాగుండేది. నేను తిరిగి రెండనేదాన్ని. ఆమె గంప తెచ్చి, ఒక్కొక్కటీ తీసి గంపలో వేసి, నెత్తిన పెట్టుకోకుండా, చంకన పెట్టుకుని దొడ్డివైపు పోయింది. పార చప్పుడు వినపడింది.

ఆ రోజు ఆయన మిషను ఎక్కాల్సిన రోజు. బస్సులో నా పక్కన కూచుని కిటికీలోంచి చూస్తూ, "పోనియ్. అలెగ్జాండర్ గూడ వాపసు వోయిండు గదా" అన్నాడు. దవాఖానాలో బరువు చూశారు. డ్రై వెయిట్ మళ్ళీ తగ్గించి రాశారు. కండ పోయిందంటే అంతే కదా.

నేను ఇంకా వదల్లేదు. నా తత్వమే అది. మరుసటి రోజు బడి నుంచి వచ్చి, నిచ్చెన వేసి అటక మీద కుండ దింపాను. అత్తమ్మ పాత తునకలు ఎనిమిది తీసుకుని గంజులో నీళ్ళు పోసి నానబెట్టాను. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాను. అట్లా నాలుగుసార్లు. తర్వాత ఉడకబెట్టి ఆ నీళ్ళూ వంపేశాను. నాలుక మీద పెట్టుకుని చూస్తే ఉప్పు లేదు. ఉప్పుతో పాటు ఇంకేం పోయిందో నాకు తెలుసు, కానీ తెలియనట్టు నటించాను. రొట్టె కొట్టాను. తునకలు కాల్చి, దంచి, ఉల్లిగడ్డ వేసి, అరచేత్తో ఒత్తి, అత్తమ్మ చేసినట్టే చేసి ఆయన ముందు పెట్టాను.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. నేను మొహమే చూస్తున్నాను.

"ఎట్లుంది?"

"సుద్దముక్క లెక్కుంది" అన్నాడు మెల్లగా. "నీ బడిలది." నవ్వాలని చూశాడు. అరచేతిలోకి ఉమ్మి, పళ్ళెం అంచున పెట్టాడు. "ఏమనుకోకే."

ఏమనుకోను? ఆయనను తిట్టవచ్చు, ఎన్నోసార్లు తిట్టాను. కష్టపడి చేస్తే తినవా, నీ కోసం సెలవు పెట్టాను, మీ అమ్మ ముందు పరువు పోగొట్టుకున్నాను. ఆ మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది లేదు.

పళ్ళెం పక్కకు జరిపి ఆయనే అన్నాడు. "కుండలకెల్లి రెండు కాల్చు. నానబెట్టనియి."

"తినకూడదు."

"నాకు గాదే. నువ్వు తిను. నా ముంగట కూసొని తిను."

"నేనెందుకు తింటాను? పిచ్చా నీకు?"

"వాసన జూస్త. నువ్వు తింటుంటె జూస్త. గంతే."

అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. నేను ఆమె వైపు చూశాను, కాదనమని. ఆమె నిప్పులు ముందుకు లాగింది. రెండు పట్టీలు వేసింది. కొవ్వు చిటపటమంది, వీడియోలో మాదిరే. ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి తీసుకున్నాడు, ఛాతీ పైకి లేచేదాకా.

రొట్టె నా చేతికి వచ్చింది. ఆయన ఎదురుగా కూచుని తిన్నాను. ముప్పై ఏళ్ళుగా తింటున్నదే. ఉప్పు, కారం, పొగ, మాంసం. అంత రుచిగా ఉండటం అన్యాయం అనిపించింది. మొదటి ముక్క మింగలేక ఆగితే, "జల్దీ తిను, సల్లారితె సాగుతది" అన్నాడు. కారం ఎక్కువైందా అని అడిగాడు. అంచు మాడిందా, కరకరలాడుతోందా అని అడిగాడు. నేను తలూపుతున్నాను. కొవ్వు ముక్క ముందు తినొద్దు, ఆఖరుకు ఉంచు అన్నాడు. ఆఖరుకు ఉంచాను. నేను నములుతుంటే ఆయన దవడ కూడా కొద్దిగా కదులుతోంది. ఆయనకు తెలియదు. చివరి ముక్క అయిపోయాక ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని, "మంచిగుంది గదా" అన్నాడు.

"అవ్" అన్నాను.

ఇక దూప మొదలైంది. రెండు పట్టీల ఉప్పు. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. ఆయన ముందు నీళ్ళు తాగడం ఎప్పుడో మానేశాను, ఇంట్లో ఎవరం తాగం. కూచున్నాను. పళ్ళెం కడగాలి, పేపర్లు దిద్దాలి, లేవలేదు. ఆయన నా పెదవుల వైపు చూశాడు. పక్కనున్న తన సీసా అందుకున్నాడు. పొద్దున నేనే గీతదాకా పోశాను, అప్పటికి అందులో మూడు గుక్కలు మిగిలి ఉండవచ్చు. మూత తీసి నా ముందుకు జరిపాడు.

"తాగు. ఉప్పుకు దూపైతది."

"వంటింట్లో ఉన్నాయి లే" అని లేచాను.

బిందెలో గ్లాసు చప్పుడు కాకుండా ముంచాను. గోడకు తిరిగి ఒక్క గుక్కలో నోరు నిండా పోసుకున్నాను. ముందు గదిలోంచి ఆయన గొంతు వినపడింది.

"ఏమే, తాగినవా?"

నోట్లో నీళ్ళున్నాయి. గుటక చప్పుడు ఆయనకు వినపడుతుందని మింగలేకపోయాను, మింగకుండా జవాబు చెప్పలేకపోయాను. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి నన్ను చూసింది. చూసి, నిప్పుల మీద నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా అంది.

"తాగిందిరా. నువ్వు పండుకో."

మళ్ళీ అడిగాడు. "నిజంగ తాగిందా?"